గురువారం గొంతు

భీమక్కను చంపింది ఓడ.

అందులో ఆమె మొగుడు రంగన్నకు అనుమానం లేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు అన్నాడు. బెంగ పెట్టుకుందని వీధి అంది. వాళ్లకేం తెలుసు. ఇటు కర్నూలు, అటు రాయచూరు తప్ప ఎరగని మనిషి, సముద్రం ఎట్లా ఉంటుందో కంట చూడని మనిషి, ఆదోనిలో మిల్లు గేటు దగ్గర, కొళాయి పక్కన, బిందె సగం నిండకముందే కూలిపోయింది. చంపింది ఓడ. ఆ ఓడ మీద ఇంకా తన కొడుకున్నాడు.

"ఈ పొద్దు సెప్పాల్సిందే మామా," అంది సునీత.

కోడలు ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు వచ్చింది. భుజాన సంచి ఇంకా దింపలేదు.

"ముందు సంచి దింపు."

"దింపితే కూసుంటా. కూసుంటే నువ్వు మాట మారుస్తావు."

రంగన్న తాళాల గుత్తి తీసి ఒక్కొక్క తాళంచెవినీ పాత చీర పేలికతో తుడవడం మొదలుపెట్టాడు. ఈ జిన్ను మిల్లు మూతబడి ఏళ్లయింది. పత్తి రాదు. మరలు తిరగవు. సావుకారు బెంగుళూరులో ఉంటాడు. బ్యాంకువాళ్లు సీలు వేసిననాడు కావలివాడి పేరు ఒకటి రాసుకుపోయారు. ఆ పేరు రంగన్నది. లారీలు తూచే కాటా పక్కన ఈ గది, ఆ కొళాయి, ఈ తాళాలు అట్లా అతనివయ్యాయి. లోపల దోచుకోవడానికి తుప్పు తప్ప ఏమీ లేదు. అయినా తాళాలు రోజూ తుడుస్తాడు.

సునీత వెంట వచ్చిన ఆమె కాటా గుమాస్తా పాత కుర్చీలో ఒద్దికగా కూర్చుంది. పేరు కృప. విశాఖపట్నం మనిషి. ఓడల మీద పనిచేసేవాళ్ల సంఘంలో లాయరు.

"నమస్కారమండీ రంగన్నగారూ. మీ అబ్బాయి విషయం..."

"నన్ను గారూ అన్నోళ్లు ఇద్దరేమ్మా ఇప్పటిదాకా," అన్నాడు రంగన్న తల ఎత్తకుండా. "ఒకడు బ్యాంకాయప్ప, ఒకడు ఓడ ఏజెంటు. ఒకడు మిల్లు మూసినాడు. ఒకడు పిల్లోన్ని తీసకపాయ. నువ్వు మూడోదానివి."

"మామా. అంత దూరం నుంచి వచ్చినామెతో అట్లనా మాట్లాడేది."

"పర్లేదండీ," అంది కృప. "నన్ను ఏమీ అనకపోతేనే నాకు భయం. ఏమీ అనని ఇళ్లు చాలా చూశాను."

ఆ మాటకు రంగన్న తల ఎత్తి ఆమెను చూశాడు. మళ్లీ తాళంచెవి అందుకున్నాడు.

సునీత చివరికి సంచి దింపి పొట్లం విప్పింది. కృప ముందు పెట్టింది.

"మరమరాల ఉప్మానా అండీ?"

"ఉగ్గాని," అన్నాడు రంగన్న. "అది ఈడ తినాల. మీ దిక్కు పోయి ఉప్మా అని పిలుసుకో."

సునీత నవ్వబోయి ఆగింది. ఈ గదిలో నవ్వి చాలా కాలమైంది.

* * *

గురువారం మధ్యాహ్నం ఫోను వస్తుంది. ఆ ఒక్కరోజే వస్తుంది.

పరాయి దేశం రేవుకు అవతల, ఒడ్డు కనబడే దూరంలో, లంగరు వేసిన ఓడ అది. యజమాని అప్పులు ఎగ్గొట్టి కనబడకుండా పోయాడు. ఆ దేశపు కోర్టు ఓడను పట్టి నిలిపింది. వంటవాడు పోయాడు, ఇంజన్ల వాళ్లు పోయారు, కెప్టెన్ సెలవని చెప్పి పోయాడు. పట్టి నిలిపిన ఓడ మీద బాధ్యుడని ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి పేరు తిరుపాల్. నూనె లేదు, దీపం లేదు. వారానికొకసారి చేపల పడవ వచ్చి నీళ్ల డబ్బాలూ బియ్యమూ అందిస్తుంది. ఒడ్డున చార్జింగు పెట్టిన బ్యాటరీ అందిస్తుంది. అది ఉన్నంతసేపే మాట.

భీమక్క పోయిన వారం ఫోను వచ్చినప్పుడు తిరుపాల్ మొదట అడిగింది అమ్మనే.

"మంత్రాలయం పోయినాది," అన్నాడు రంగన్న. గురువారం కదా. రాయరి మఠానికి జనం పోయే రోజే. అబద్ధం దానంతటదే నోటికొచ్చింది.

తర్వాతి గురువారం కూడా మంత్రాలయమే అన్నాడు.

ఆ తర్వాత తిరుపాల్ అన్నాడు, "నాయనా, ఈడ నేనొక్కన్నే ఉండా. రాత్రి నీళ్లలోకి సూస్తే ఆ నీళ్లు నన్ను పిలుస్తాండాయి. అమ్మ గొంతు ఒకసారి ఇనిపించు. లేకుంటే నాకు బతికేది కష్టం."

అప్పుడు కూతురు అంజలి ఫోను లాక్కుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి దగ్గినట్టు దగ్గింది. "ఏం నాయనా, తిన్యావా?" అంది.

రంగన్న ఆ రోజు గది బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. లోపలి నుంచి చచ్చిపోయిన పెళ్లాం మాట్లాడుతోంది.

అప్పటి నుంచి ప్రతి గురువారం మాట్లాడుతోంది.

* * *

"సెప్తే ఏమైతాదో నీకు తెలుసా?" అన్నాడు రంగన్న కోడలితో. "వాడు దూకితే?"

"ఇప్పుడు మాత్రం బతికుండాడా? పోయిన వారం నాతో ఏమన్నాడో తెలుసా. సునీతా, నువ్వు ఇంకొకన్ని సూసుకో అన్నాడు. మాసిన గుడ్డ మార్సుకో అన్నట్టు సెప్పినాడు."

"నువ్వేమన్నావు?"

"పెట్టేసినా. ఏం అనాల?"

రేకుల కప్పు మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినబడింది.

కృప గొంతు సవరించుకుంది. "రంగన్నగారూ. ఆ కోర్టులో ఇప్పుడు కొత్త జడ్జి వచ్చారు. మావాళ్లు అక్కడి లాయరుతో మాట్లాడారు. తల్లి చనిపోయింది, కర్మ చేయాల్సిన కొడుకు ఇతనొక్కడే అని తిరుపాల్ స్వయంగా ప్రమాణం చేసి చెబితే వదిలే వీలుంది. రేవు ఆఫీసరు సోమవారం ఓడ మీదికి వస్తాడు. అతని ముందు చెప్పాలి. చెప్పాలంటే తిరుపాల్‌కి తెలియాలి కదండీ."

"దీనికి సచ్చినోళ్లు కావాల్నా? బతికున్న పెండ్లాం సాలదా?"

"సాలలేదు," అంది సునీత. "నేను మూడు దినాలు ఏడుస్తా రాయించి పంపితే ఆ కోర్టోళ్లు ఒక జవాబు రాసినారు. మీ బాధ మాకు అర్థమైతాది అని."

"ఢిల్లీలో ఏదో కొత్త చట్టం సేసినారంట గదా. పేపర్లో కూడా వచ్చిందంట," అన్నాడు రంగన్న లాయరు వైపు తిరిగి.

"చేశారండీ. పాతది మీరు పుట్టకముందుది. అప్పట్లో ఓడ ఎవరిదో, జెండా ఎవరిదో, కెప్టెన్ ఏ ఊరివాడో అందరికీ తెలిసేది. ఇప్పుడట్లా లేదు. అందుకే మార్చారు. నావికుణ్ణి గాలికొదిలేస్తే ఏం చేయాలో కొత్తదాంట్లో రాశారు. మంచిదే. కానీ ఈ ఓడ మీద మన జెండా లేదు. మన నీళ్లలోనూ లేదు."

"ఎవురి జెండా మరి?"

"ఒక చిన్న దీవి దేశానిది. ఆ దేశానికి ఈ ఓడ ఒక్కసారి కూడా పోలేదు."

"ఓనరు?"

"ఇంకో దేశంవాడు. కంపెనీ మూడో దేశంలో ఉంది. ఆఫీసుకని పోతే గోడకు ఒక పోస్టు డబ్బా ఉంది. అంతే."

రంగన్న తాళాలు పక్కన పెట్టాడు. "ఈ మిల్లు ఎవురిదో నాకు తెలుసు. సావుకారి మొగం తెలుసు, ఆయన కొడుకు పెండ్లికి పోయి భోజనం చేసి వచ్చినా. సీలు ఏసిన బ్యాంకు ఆ సందు మలుపులో ఉండాది. నేను ఎవురికి కావలి కాస్తాండానో నాకు తెలుసు. నా కొడుకు ఎవురికి కాస్తాండాడు?"

కృప ముందున్న పొట్లం పక్కకు జరిపింది.

"సెప్పమ్మా. సదువుకున్నావు గదా."

"అదేనండీ మేమూ అడుగుతున్నది. దేశాలన్నీ కూర్చుని దాని మీదే వాదించుకుంటున్నాయి. ఓడలు మారినంత తొందరగా చట్టాలు మారడం లేదు."

"వాళ్లు వాదించుకునే లోపల ఒక మనిషి పాయ ఈడ."

"పోయినాది," అంది సునీత. గొంతు మారింది. "ఓడ సంపినాదని ఊరంతా సెప్పుకుంటాండావు గదా మామా. ఓడలో ఆయన్ను కట్టేసిందెవురు?"

కృప వద్దన్నట్టు చెయ్యి కదిపింది. సునీత ఆగలేదు.

"నేను పక్కనే ఉండా ఆ పొద్దు. అర్థంకాని భాషలో కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటాండారు నాయనా, ఓడకు కావలి ఉండాలంట అని ఫోన్లో అడిగినాడు. నువ్వేమంటివి?"

రంగన్న గోడ వైపు చూశాడు.

"కావలి అంటే నమ్మినోనికే ఇస్తారు, పెట్టు అంటివి. మిల్లు మూతబడినా మన బతుకు నిలబెట్టింది కావలే గదా అంటివి. నవ్వుకుంటా అంటివి. నీకు గదిచ్చినారు, కొళాయి ఇచ్చినారు, వానికీ ఇస్తారనుకుంటివి. సముద్రం నడుమ నీ కొడుక్కి యాడ పెడతారు మామా కొళాయి?"

ఆమె అంత మాట అనాలని అనుకోలేదు. అనేశాక కూర్చుంది. సంచి దింపినా అంతసేపూ నిలబడే ఉన్నదని అప్పుడు తెలిసింది.

రంగన్న తాళాల గుత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఇందాక తుడిచిన తాళంచెవినే మళ్లీ తుడిచాడు.

"ఇంకో దారి ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు కృపను.

"ఉంది కానీ లేనట్టే. ఆ బాధ్యత ఇంకొకరు తమ పేరున రాసుకుని ఓడ ఎక్కితే తిరుపాల్ దిగిపోవచ్చు. ఎవరు ఎక్కుతారండీ? తెలిసి తెలిసి?"

* * *

అంజలి మధ్యాహ్నానికి వచ్చింది. ఆమె బజారులో బట్టల అంగట్లో పని చేస్తుంది. గురువారం మధ్యాహ్నం సెలవు అడిగితే యజమాని ఎందుకని అడగడం మానేశాడు.

చెప్పులు విప్పుతూనే దగ్గింది.

రంగన్న ఉలిక్కిపడ్డాడు. ఫోను ఇంకా రాలేదు. కొంగు నోటికి పెట్టుకోలేదు. ఆ దగ్గు భీమక్కది.

"మందు తాగకూడదా," అన్నాడు.

"జలుబు లేదు నాయనా. ఏం లేదు. దానంతటదే వస్తాది." లోపలికి వచ్చి వదినను చూసింది, కొత్త మనిషిని చూసింది. అడగకుండానే అర్థమైంది. "సెప్తారా ఈ పొద్దు?"

"మీ నాయన ఒప్పుకోలేదు."

"ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా నేను ఇంగ మాట్లాడను వదినా. నా వల్ల కాదు. వచ్చే వారం పెద్దల అమావాస్య. అమ్మకు చీర పెట్టాల, పేరు పెట్టి పిలిచి పెద్దల్లో కలపాల. కలిపినాక నేను ఆమె మాదిరి మాట్లాడితే ఆమె యాడ ఉంటాది? పోయినోళ్లలోనా, నా నోట్లోనా?"

సునీత ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు మాట్లాడబట్టే ఆయన ఇంతవరకు ఉండాడు."

"ఉండాడు. నేనే లేకుండా పోతాండా. అంగట్లో మొన్న ఒక ముసలామె చీర బేరం సేస్తా సేస్తా నా మొగం సూసి, నువ్వు భీమక్కవు గదా, సచ్చిపోయినావన్నారే అన్నాది. నవ్వులాటకు అనలేదు."

రంగన్న లేచి కూతురి ముందు నిలబడ్డాడు. వారం నుంచి అడగాలని అడగలేని మాట ఒకటి ఉంది.

"పోయిన గురువారం వానితో దూదికుప్ప మాట సెప్పినావే. అది నీకు ఎవురు సెప్పినారు?"

"ఏ దూదికుప్ప?"

"ఏడవొద్దు నాయనా, దూదికుప్పలోంచి తీసినట్టే నిన్ను తీస్తారు అన్నావు. నేను గోడ అవతల ఉండా. ఇన్నాను."

అంజలి తండ్రి ముఖం చూసింది. "నేను అనలేదే."

"అన్నావు."

"లేదు నాయనా. తిన్యావా అన్నా, పండుకో అన్నా. ఆయన ఏడిస్తే నేనూ ఏడిస్తి. ఏ దూదికుప్ప?"

రంగన్న చెప్పలేదు. అంజలి పుట్టకముందు మాట అది. మిల్లు తిరిగే రోజుల్లో భీమక్క ఇక్కడే పత్తి ఏరేది. పాలు తాగే తిరుపాల్‌ను దూదికుప్ప మీద పడుకోబెట్టి పనిలో పడింది. తిరిగి చూస్తే బిడ్డ లేడు. కుప్పలోకి దిగిపోయాడు. ఆమె రెండు చేతులతో తవ్వి తీసింది. బిడ్డ నవ్వుతున్నాడు. మేస్త్రీకి తెలిస్తే పని పోతుందని ఆ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మొగుడు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పటికీ ఈ మిల్లు దూలాలకు, బూజుకు, గోడ పగుళ్లకు ఆనాటి దూది అంటుకునే ఉంది. గాలి వీచినప్పుడు ఇంత ఊడి పడుతుంది. భీమక్క పోయినాక ఆమె అరికాళ్లు కడిగినప్పుడు కూడా దూది ఊడింది. కడిగింది తనే.

ఫోను మోగింది.

* * *

నలుగురూ దాన్ని చూశారు. ఎవరూ తీయలేదు. అంజలి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

రంగన్న ఫోను తీసుకుని బయటికి నడిచాడు. సునీత లేవబోయింది.

"ఉండు," అన్నాడు. "కట్టేసింది నేనే అంటివి గదా. నేనే సెప్తా."

కాటా పక్కన, లారీలు ఎక్కి దిగే ఇనుప పలక మీద నిలబడ్డాడు. మిల్లు గోడ అవతల మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు పోతున్నాయి. ఇటు ఏదీ తిరగడం లేదు.

"నాయనా, నువ్వా?" తిరుపాల్ గొంతు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వచ్చింది. "అమ్మ మంత్రాలయం పోయినాదా?"

ఆ మాటలో నవ్వు లాంటిది ఉంది.

"తిరుపాలూ." రంగన్న ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "మీ అమ్మ లేదురా. సచ్చిపోయినాది."

అవతల గొలుసు ఒరుసుకుంటున్న చప్పుడు వచ్చింది. ఇనుము మీద ఇనుము.

"ఎప్పుడు?"

"ఉగాదికి కైరుప్పలలో పిడకల పోరు అయిన వారం."

గొలుసు చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది.

"తిరుపాలూ. పలుకురా."

"నాకు తెలుసు నాయనా."

"ఎవురు సెప్పినారు?"

"ఎవురు సెప్పాల? మా అమ్మ గొంతు నాకు తెలీదా? తొలిసారి దగ్గినప్పుడే అంజి అని తెలుసు. మీరు ఇంత కష్టపడి సెప్తాంటే కాదని ఎట్ల అంటాను. ఊరుకుంటి. దానికి దగ్గు బాగా పట్టుబడినాది లే."

రంగన్న ఇనుప పలక మీదే కూలబడ్డాడు. ఎండకు కాలి ఉంది అది. ఇన్ని గురువారాలు. ఇంటిల్లిపాదీ దొంగల మాదిరి బతికిన ఇన్ని గురువారాలు.

"తెలిస్తే మంచిదే," అన్నాడు చివరికి. "ఇను. లాయరమ్మ వచ్చినాది. సోమవారం ఆఫీసరు ఓడ మీదికి వస్తాడంట. మా అమ్మ సచ్చిపోయినాది, కర్మకు నేనే ఉండాల అని ప్రమాణం సెయ్యి. ఇడిసిపెడతారు. దిగొచ్చెయ్."

"దిగను."

"ఏమంటివి?"

"నేను దిగితే ఆమె యాడికి పోతాది?"

రంగన్నకు ఎండలో చలి పుట్టింది. "ఎవురురా?"

"అంజి గొంతు గురువారమే వస్తాది నాయనా. ఈమె అన్ని దినాలూ వస్తాది. మాట్లాడదు. పొద్దు గుంకే ముందు ముందరి పక్క తాళ్ల చుట్ట మీద కూసుంటాది. నన్ను సూడదు, ఒడ్డు దిక్కు సూస్తాది. గేటు దగ్గర నిలబడి రోడ్డు సూస్తాండేది సూడు, అట్ల. ఒక్కసారి మాత్రం మాట్లాడినాది. దూదికుప్పలోంచి తీసినట్టు తీస్తారు అన్నాది. అది ఏందో నాకు తెలీదు. నీకు తెలుసా?"

రంగన్న ఇనుప పలక మీద అరచెయ్యి ఆనించాడు.

"ఆమె కాళ్లకు దూది అంటుకొని ఉంటాది నాయనా. సముద్రం నడుమ దూది యాడిదో. ఆమె లేసి పోయినాక నేను ఏరి పెట్టుకుంటా. ఇంత కుప్ప అయింది."

"తిరుపాలూ. నువ్వు ఒంటిగా ఉండావు. తిండి లేదు. మనిషి తోడు లేదు. అందుకే అట్ల..."

"నేను కూడా అట్లనే అనుకుంటి. ఇప్పుడు నువ్వు సచ్చిపోయినాది అన్నావు. అంటే వచ్చేది ఆమెనే." గొంతు నిదానంగా ఉంది. వెనకటి ఏడుపు లేదు. ఆ నిదానమే రంగన్నను భయపెట్టింది. "ఆమె సముద్రం ఎరగదు. దారి తెలీదు. నాకోసరం ఇంత దూరం వచ్చినాది. ఇప్పుడు నేను దిగిపోతే పరాయోళ్ల ఓడలో ఒకతే ఉండాల. ఇడిసిపెట్టి రాను. మన మనిషి ఎవురన్నా ఈడ ఉంటే దిగుతా. లేకుంటే కావలి నేనే. నమ్మినోనికే ఇస్తారని నువ్వే గదా..."

ఫోను ఆగిపోయింది.

రంగన్న దాన్ని చెవికి అట్లే పెట్టుకుని కూర్చున్నాడు. గాలి వచ్చింది. మిల్లు కప్పు కింద నుంచి ఒక దూది పింజ ఊడి, తేలి, కాటా పలక మీద అతని పాదం పక్కన వాలింది. అతను దాన్ని తొక్కలేదు. తీయలేదు.

* * *

ముగ్గురు ఆడవాళ్లూ గడపలో నిలబడి ఉన్నారు.

"సెప్పినావా?" అంది సునీత.

"సెప్పినా."

"ఏడ్సినాడా?"

"లేదు."

"సోమవారం ప్రమాణం చేస్తానన్నాడా అండీ?" అంది కృప.

రంగన్న గదిలోకి వచ్చి తాళాల గుత్తి తీసుకున్నాడు. "ఆ దారి వద్దు. రెండో దారి అన్నావే. ఇంకొకరి పేరు. నా పేరు రాయి."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"మీరా? రంగన్నగారూ, అది..."

"ఆ కోర్టు చట్టంలో కావలోడు ఓడ పని తెలిసినోడే కావాలని రాసిండారా?"

కృప ఆలోచించింది. "బాధ్యుడొకడు ఉండాలనే ఉంది. ఎలాంటివాడు ఉండాలో లేదు."

"ఆ బొక్కలోనే గదా నా కొడుకును తోసినారు. దాంట్లోంచే తీస్తా. నాకు కావలి పని వచ్చు. ఇంకేం రాదు."

"నీకు తలకాయ పాడైందా మామా?" సునీత అడ్డం వచ్చి నిలబడింది. "ఇందాక నేను అన్నదానికి పంతమా? కోపంలో అన్నా. నా నోరు మంచిది కాదు. ఈ వయసులో పోయి ఆ ఓడెక్కి ఏం సేస్తావు? నువ్వు సముద్రం ఎప్పుడన్నా సూసినావా?"

"మీ అత్త సూసిందా?"

"అత్తకూ దీనికీ ఏం సంబంధం?"

రంగన్న తాళాల గుత్తి అంజలి చేతిలో పెట్టాడు. అది ఆమె అరచేతికి బరువుగా తగిలింది.

"రోజూ తుడువు. తుడవకుంటే పట్టేస్తాయి. బ్యాంకాయప్ప వస్తే నాయన ఊరికి పోయినాడని సెప్పు. అమావాస్యకు అమ్మకు చీర పెట్టొద్దు."

"పెట్టొద్దా?" అంజలి ముఖం పాలిపోయింది. "ఏంటికి? అమ్మను కలపొద్దా?"

"ఈ ఏడు వద్దు."

"మామా." సునీత అతని చెయ్యి పట్టుకుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె అతన్ని తాకిందే లేదు. "ఆయన ఏమన్నాడు? నేను ఆయన పెండ్లాన్ని. నాకు సెప్పు. ఏం అంటే నువ్వు ఇట్లయితివి?"

గడప దగ్గర అంజలి దగ్గింది. ముగ్గురూ ఆ దగ్గు విన్నారు. రంగన్న ఒక్కడే అటు తిరగలేదు. కోడలి చేతిని తన చేతి మీద నుంచి మెల్లగా తీసేశాడు.

"వాడు ఏమన్నాడో నేను సెప్పను. ఈ పొద్దు సెప్పను, వాడు దిగొచ్చి నీ పక్కన కూసున్నంక సెప్పను, సచ్చేటప్పుడు నోట్లో నీళ్లు పోస్తా అడిగినా సెప్పను. ఇంగ ఆ మాట నాతో ఎత్తొద్దు."